నోట్లో నువ్వుగింజ నానదు

మాటలెక్కువ మనుషుల గురించీ, వాళ్ళకు మన భాష పెట్టిన పేర్ల గురించీ ప్రశ్నలు పంపమని అడిగాం. ఉత్తరాల పొడవు చూస్తే కొన్ని ఆ మనుషులే రాసినట్టున్నాయి. పాఠకుల పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

వాగుడుకాయ, వసపిట్ట, వదరుబోతు, వాచాలుడు – నాలుగింటికీ ‘ఎక్కువగా మాట్లాడేవాడు’ అని ఒకే అర్థం రాయిస్తున్నాను. సరిపోతుందా? (టీచరు, నరసరావుపేట)

అర్థంగా సరిపోతుంది. పిల్లవాడు దాన్ని పట్టుకుని సొంత వాక్యం రాసినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. ‘మా తాతగారు మంచి వాచాలుడు’ అని రాస్తాడు. మీరు దిద్దబోతే, మీరు చెప్పిన అర్థమే కదా టీచర్ అంటాడు. వాడి తప్పేమీ లేదు.

ఈ నాలుగు మాటల్లో తేడా ఎంత మాట్లాడారన్న దాంట్లో లేదు. ఎవరు ఎవర్ని ఏ మనసుతో అంటున్నారన్న దాంట్లో ఉంది. వసపిట్ట ముద్దుమాట. మూడేళ్ళ పిల్ల ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే అమ్మమ్మ అనే మాట అది. పెద్దవాళ్ళని కూడా అనొచ్చు గానీ అప్పుడూ అందులో చనువే వినిపిస్తుంది. వాగుడుకాయ దానికన్నా ఒక మెట్టు దిగువ. స్నేహితుల మధ్య ఎదురుగానే అనుకోవచ్చు, వినేవాడు నవ్వేస్తాడు. చిత్రమేమిటంటే ‘వాగకు’ అంటే తిట్టు, ‘వాగుడుకాయ’ అంటే కాదు. తలకాయలోనూ గుండెకాయలోనూ చేరిన ‘కాయ’ ఇక్కడా చేరి కరుకుదనం తీసేసింది.

వదరుబోతు దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోతుంది. వదరడమంటే తగినదీ తగనిదీ చూసుకోకుండా నోటికొచ్చింది అనేయడం. చివరనున్న ‘బోతు’ తిండిబోతు, తాగుబోతు, తిరుగుబోతుల్లో ఉన్నదే. దున్నపోతు, మేకపోతుల్లోని ‘పోతు’ ఇలా మారింది. మగ జంతువు పేరే అయినా మనుషుల దగ్గర ఆడామగా తేడా లేదు, ‘ఆవిడ ఒట్టి వదరుబోతు’ అంటాం. ఈ ‘బోతు’ చేరిన ప్రతి మాటలోనూ అదుపు తప్పడం అనే నింద ఉంటుంది. గత శతాబ్దం మొదట్లో అనంతపురం రచయితలు కొందరు తమ వ్యాసాలకు ‘వదరుబోతు’ అని తామే పేరు పెట్టుకున్నారు. తిట్టును టోపీలా తలకు పెట్టుకోవడం అన్నమాట. వాచాలుడు మాత్రం పుస్తకాల మాట. వంటింట్లో వినపడదు, రాతలో మర్యాదగా కనిపిస్తూనే గట్టిగా తగులుతుంది. స్త్రీలింగంలో వాచాల.

క్లాసులో అర్థానికి బదులు ఒక పని చెప్పి చూడండి. ‘మా బుజ్జి –’, ‘మా స్నేహితుడు –’, ‘ఆ నాయకుడు –’ అని మూడు ఖాళీలిచ్చి నాలుగు మాటల్లో ఏది ఎక్కడ నప్పుతుందో నింపమనండి. ఇంట్లో తెలుగు వింటున్న పిల్లలు పొరపాటు పడరు. నాయకుడి దగ్గర వసపిట్ట రాసినవాడికి మార్కులు తగ్గించాలా అన్నది మీ ఇష్టం.

వసపిట్ట అనే పిట్ట నిజంగా ఉందా? మా మనవరాలికి ఏడాది దాటింది, మాటలు రాలేదు. వస పోయమంటున్నారు. (ఏలూరు)

ఆ పేరుతో ప్రత్యేకంగా ఒక పిట్ట లేదు. వస అనే మొక్క దుంపను అరగదీసి పిల్లలకు పోస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. వస తాగిన పిల్ల పిట్టలా కిచకిచలాడుతుందని ఈ పేరు. ఎక్కువ మాట్లాడే పిల్లను చూసి ‘మీ అమ్మ వస ఎక్కువ పోసిందా ఏం?’ అనడం అందుకే. ఈ మొక్కకు సంస్కృతంలో పేరు ‘వచా’. అది ‘వచ్’ అనే మాట్లాడడానికి సంబంధించిన ధాతువును గుర్తు చేస్తుంది. పేరును బట్టి నమ్మకం వచ్చిందా, నమ్మకాన్ని బట్టి పేరు పెట్టారా అని వాదించుకోవచ్చు.

మొక్క మాత్రం నిజమైనదే. నీటి ఒడ్డున, బురద నేలలో పెరుగుతుంది. ఆకు కత్తిలా పొడుగ్గా ఉంటుంది. వాడేది నేలలో అడ్డంగా పాకే దుంపను. ఎండితే వేలు లావున, కణుపులు కణుపులుగా, ఘాటైన వాసనతో ఉంటుంది. మూలికల అంగట్లో వసకొమ్ము అని అడిగితే ఇస్తారు. దాన్ని సాన మీద తల్లిపాలతోనో తేనెతోనో ఒకటి రెండు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని వేలి కొసతో నాలుకకు రాయడం పాత పద్ధతి. కొందరు ముందు దీపం మంట మీద కాలుస్తారు.

ఇక పోయొచ్చా అన్నదానికి మా జవాబు: వద్దు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. మన దేశంలో పెరిగే రకాల్లో అది ఎక్కువ. ప్రయోగాల్లో ఎలుకలకు కణితులు తెప్పించిందని అమెరికా ఆహార ఔషధ సంస్థ 1968లో వసను తిండి పదార్థాల్లో కలపకుండా నిషేధించింది. అరగదీసినప్పుడు ఎంత దిగిందో కొలిచే దారి లేదు. ఒక చుట్టు అనుకున్నది నాలుగు చుట్లయితే పసివాళ్ళకు వాంతులు పట్టుకోవచ్చు. ఏడాది లోపు పిల్లలకైతే తేనె కూడా ప్రమాదమే. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసి పేగుల్లో విషాన్ని తయారు చేస్తుంది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు.

ఏడాది దాటాక మాటలు రాకపోవడం ఒక్కటే కంగారు పడాల్సిన విషయం కాదు. కానీ 16 నెలలకు ‘అమ్మ’, ‘తాత’ లాంటి ఒక్క మాట కూడా అనకపోయినా, రెండేళ్ళు నిండినా ‘పాలు కావాలి’ అన్నట్టు రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. చాలా ఇళ్ళలో నాలుక సంగతి చూస్తారు గానీ చెవి సంగతి చూడరు. మాట చెవిలోంచే నాలుకకు వస్తుంది. పాపకు వెనక నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టి చూడండి. తిరిగి చూడకపోతే ఇంకో నెల ఆగుదామనుకోవద్దు. తిరిగి చూసినా పరీక్ష మానొద్దు, ఎందుకంటే కొన్ని చప్పుళ్ళు వినపడి కొన్ని వినపడకపోవడం కూడా ఉంటుంది.

వాచాలుడు అంటే నింద అంటున్నారు. మరి ‘మూకం కరోతి వాచాలం’ అని రోజూ చదువుకుంటున్నామే! మూగవాణ్ణి వదరుబోతును చెయ్యమనా ప్రార్థన? (కాకినాడ)

మంచి పట్టే పట్టారు. గీతా ధ్యాన శ్లోకాల్లోని ఆ మాటకు మూగవాడి చేత కూడా ధారాళంగా మాట్లాడించగలవాడు అని అర్థం. కుంటివాణ్ణి కొండ దాటించడం పక్కనే ఉంది కాబట్టి అక్కడ నిందకు చోటు లేదు.

అయినా వ్యాకరణం మీ అనుమానం వైపే ఉంది. పాణిని అష్టాధ్యాయి అయిదో అధ్యాయంలో రెండు సూత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ‘వాచో గ్మినిః’ అన్నదానితో ‘వాగ్మి’ వస్తుంది. ఆ వెంటనే ‘ఆలజాటచౌ బహుభాషిణి’ అన్నదానితో ‘వాచాలుడు’, ‘వాచాటుడు’ వస్తారు. ముడిసరుకు ఒకటే, వాక్కు. చివర చేరిన ప్రత్యయమే మనిషి గతి తేల్చింది. రెండో సూత్రం నిందలోనే వర్తిస్తుందని వ్యాఖ్యాతలు షరతు కూడా పెట్టారు: ఎంత ఎక్కువ మాట్లాడినా చక్కగా మాట్లాడేవాడు వాగ్మి అనే అనిపించుకుంటాడు. అమరకోశం వాచాలుడికి ‘జల్పాకుడు’ అని ఇంకో పేరిచ్చి, నిందించదగ్గ మాటలు చాలా మాట్లాడేవాడని చెప్పింది. కవులు, భక్తులు ఆ షరతును పక్కన పెట్టి వాచాల శబ్దాన్ని వాడుకున్నారు. మీరు నిశ్చింతగా చదువుకోండి. ఎవరినైనా సభలో పొగిడేటప్పుడు మాత్రం ‘వాగ్మి’ అనండి.

‘జల్పం’ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తర్కం గురించి చెప్పే మన పాత న్యాయశాస్త్రంలో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడమే పనిగా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడు ఏమన్నా కాదనేది వితండ. మనం మూడోదానికి మొదటిది అతికించి ‘వితండవాదం’ చేసుకున్నాం. శాస్త్రకారులు వింటే ఒప్పుకోరు, భాష ఒప్పుకుంది. టీవీ చర్చల్లో మూడు రకాలూ అరగంటలో చూడొచ్చు, మొదటిది మాత్రం కొంచెం ఓపిక పట్టి వెతకాలి.

సోది, సొల్లు, సుత్తి, నస, ఊకదంపుడు – మా ఇంట్లో ఇవి ఐదూ రోజూ వినిపిస్తాయి. వీటిలో ఏది ఎక్కువ తప్పు? (విజయనగరం)

ఎక్కువ తక్కువల కన్నా, ఏ తప్పు ఏదో చూద్దాం.

సోది అసలు మాట ఎరుకలసానిది. బుట్ట, కర్ర పట్టుకుని వీధిలోకొచ్చి ‘సోది చెబుతానమ్మ సోది’ అని పిలిచేది. ఆమె చెప్పే తీరులో ముందు దేవతల పేర్లు, కొండలు, ఊళ్ళు వరసగా వస్తాయి. మన చేతిలో ఏముందన్నది ఆ తర్వాతే. అది ఆమె విద్యలో భాగం, రాగంతో వింటే అందమే. అదే పద్ధతిలో మన పక్కింటాయన గ్యాసు సిలిండరు రాలేదని చెప్పడానికి 1994 నుంచి మొదలుపెడితే అది సోది. కాబట్టి సోదిలో తప్పు దూరం. అసలు విషయం ఉంటుంది, కానీ ఎక్కడో చివర ఉంటుంది.

సొల్లులో ఆ చివర కూడా ఏమీ ఉండదు. చొల్లు అంటే నోటి నుంచి కారే లాలాజలం. తమిళంలో ‘సొల్’ అంటే చెప్పడం. తెలుగువాడి చెవికి సొల్లు కబుర్లలో రెండూ కలిసి వినిపిస్తాయి. కారుతూనే ఉంటుంది, తుడుచుకోవడం తప్ప చేసేదేం లేదు.

సుత్తి అర్థం కావాలంటే కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిలబడాలి. అక్కడ రెండు పనిముట్లుంటాయి. సహాయకుడు రెండు చేతులతో ఎత్తి వేసేది సమ్మెట, ఒక్క దెబ్బకే ఇనుము సాగుతుంది. కమ్మరి చేతిలో ఉండేది సుత్తి. చిన్నచిన్న దెబ్బలు, ఒకే చోట, ఆగకుండా. మాటల సుత్తి కూడా అంతే, ఒక్కొక్క మాట చూస్తే దెబ్బే కాదు. ఈ మాట తెలుగునాట ఇంటింటికీ పాకింది 1982లో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’తో. ఆ సినిమా తర్వాత వీరభద్రరావు, వేలు ఇద్దరి పేర్ల ముందూ ‘సుత్తి’ ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఒక తిట్టు ఇద్దరు నటులకు బిరుదు కావడం తెలుగులో అరుదు.

నసకు మాటలు ఎక్కువ అక్కర్లేదు. ఒకటే కోరిక, పదే పదే. ‘సైకిలు కొను నాన్నా’ అని పిల్లవాడు పొద్దున్న నుంచి రాత్రి దాకా అంటే నస పెట్టడం. దీన్ని నసగడంతో కలపొద్దు. నసగడమంటే చెప్పాల్సింది చెప్పలేక నీళ్ళు నమలడం. వీటి పక్కనే ఉన్న సణగడం, గొణగడం కూడా వేరే. గొణిగితే మాట బయటికి స్పష్టంగా రాదు. సణిగితే వస్తుంది, వినిపించాలనే సణుగుతారు.

ఊకదంపుడు వేదికల మాట. వడ్లు రోట్లో వేసి రోకలితో దంచితే పైపొట్టు ఊడుతుంది. చేటతో చెరిగితే ఊక ఎగిరి బయట పడుతుంది, బియ్యం మిగులుతుంది. ఇంకోసారి దంచితే తవుడు రాలుతుంది, పశువులకు పనికొస్తుంది. అవన్నీ తీసుకున్నాక మిగిలిన ఊకనే మళ్ళీ రోట్లో పోసి దంచేవాణ్ణి ఊహించుకోండి. చప్పుడు అదే, చెమట అదే, దుమ్ము ఇంకా ఎక్కువ. గింజ మాత్రం ఉండదు. ఊకదంపుడు ఉపన్యాసం అన్నప్పుడు వక్త కష్టపడలేదని కాదు. ఎప్పుడో ఎవరో దంచి బియ్యం తీసుకెళ్ళిపోయిన మాటల మీద ఇప్పుడు కష్టపడుతున్నాడని.

మీ ఇంట్లో ఐదూ వినిపిస్తున్నాయంటే అవి ఒకరివే కావని మా అనుమానం. నస పిల్లలది, సణుగుడు పెద్దలది అయి ఉండొచ్చు. ఎవరిది ఏదో తేల్చే పని మాకు పెట్టొద్దు.

‘ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు’ అంటారు. నువ్వుగింజే ఎందుకు? ఆడవాళ్ళే ఎందుకు? (తెనాలి)

మొదటి ప్రశ్నకు జవాబు వంటింట్లో ఉంది. శనగలు రాత్రంతా నానాలి. మినప్పప్పు నాలుగైదు గంటలైనా నానాలి. నువ్వుగింజ వాటి ముందు ఎంత? నోరు ఎప్పుడూ తడిగానే ఉంటుంది కూడా. అంత చిన్న గింజ, అంత తడిలో, నానేంత సేపైనా నోరు మూసి ఉంచలేరని అతిశయోక్తి. ఇది ఎక్కువ మాట్లాడే వాళ్ళందరికీ చెల్లే మాట కాదు, రహస్యం దాచలేని వాళ్ళకు మాత్రమే. రోజుకు నాలుగే మాటలు మాట్లాడుతూ, ఆ నాలుగింటిలోనే మీ గుట్టంతా విప్పేసే మనిషికి ఈ సామెత అతికినట్టు సరిపోతుంది.

రెండోదానికి మూలంగా చెప్పే కథ భారతం శాంతిపర్వంలో ఉంది. యుద్ధం ముగిశాక కర్ణుడు తన కొడుకేనని కుంతి చెబుతుంది. అన్నను చంపుకున్నామని తెలిసిన ధర్మరాజు, ఇంత రహస్యం ఇన్నాళ్ళు దాచావు కాబట్టి ఇకపై ఆడవాళ్ళ మనసులో రహస్యం నిలవకుండు గాక అని శపిస్తాడు. శాపం ఎందుకొచ్చిందో చూడండి: ఒక ఆడమనిషి దశాబ్దాల పాటు రహస్యం దాచగలిగినందుకు! సామెత ఆ సగం మింగేసింది. వాడుకలో ఇప్పుడు ‘వాడి నోట్లో నువ్వుగింజ నానదు’ అని మగవాళ్ళనీ అంటున్నారు. మీరూ అలాగే వాడండి, ఉదాహరణలకు కొదవుండదు.

కొండవీటి చేంతాడుకు కొండవీడు ఎందుకు? (డాలస్)

చేద అంటే బావిలోంచి నీళ్ళు తోడే బొక్కెన. చేదకు కట్టే తాడు చేంతాడు, కొన్నిచోట్ల చాంతాడు. కొండవీడు ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉంది, 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల రాజధాని. కొండ మీది బావిలో నీళ్ళు లోతున ఉంటాయి, తాడు పొడుగు కావాలి, అందుకని ఈ మాట పుట్టిందని చెప్పుకుంటారు. పొడుగాటి క్యూకీ, జాబితాకీ, ముగియని ప్రసంగానికీ వాడొచ్చు. మనిషికి వాడకూడదు. ‘ఆయనో కొండవీటి చేంతాడు’ అంటే పొడుగరి అనుకుంటారు.

కోడలు రాజమండ్రి పిల్ల. ‘కూసో బిడ్డా, ముచ్చట పెడదాం’ అంటే ఏం ముచ్చట తీర్చాలో అర్థం కాలేదట. ఎవరి తెలుగు తప్పు? (సిరిసిల్ల)

ఇద్దరిదీ కాదు. తెలంగాణలో ముచ్చట అంటే మాట, సంగతి, కబురు. ‘గా ముచ్చట నాకు తెల్వదు’ అంటారు. గోదావరి వైపు ఏకవచనంలో ‘ముచ్చట’ అంటే సరదా, కోరిక. ‘మనవణ్ణి ఎత్తుకోవాలనే ముచ్చట తీరింది’ అంటారు. బహువచనంలో ‘ముచ్చట్లు’ అంటే రెండుచోట్లా కబుర్లే. కాబట్టి ‘ముచ్చట్లు పెడదాం’ అనండి, గొడవ ఉండదు. ఆమె ‘కబుర్లు చెప్పుకుందాం’ అంటుంది. ఆ కబురు కూడా ఊళ్ళోది కాదు, అరబ్బీ ‘ఖబర్’ ఫారసీ, ఉర్దూల మీదుగా మనింటికొచ్చింది. గప్పాలు, బాతాఖానీ కూడా అటు నుంచే. రాయలసీమ వెళ్తే యవ్వారాలు, ఉత్తరాంధ్ర వైపు ఊసులు.

మీ వైపు మాట ఒకటి మిగతా వాళ్ళు తెలుసుకోవాల్సింది ఉంది, లత్కోర్ సాబ్. వేషం కట్టి కోతలతో నవ్వించే జానపద కళాకారుడు. ఇతనే పిట్టలదొర, తుపాకి రాముడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఇంటింటి ముందు నిలబడి, తనకు ఏడంతస్తుల బంగళా ఉందని, దానికి గోడలూ కప్పూ మాత్రం లేవని చెప్పే తరహా. పచ్చి అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అందుకే నవ్వొస్తుంది. కోతలరాయుడితో అసలు తేడా అక్కడే. కోతలరాయుడు మనం నమ్మాలనుకుంటాడు. ఆఫీసులో బడాయి పోయేవాణ్ణి ‘పిట్టలదొర’ అన్నారంటే ఆ కళాకారుడికి కాస్త అన్యాయం చేసినట్టే.

మా పెదనాన్నగారు ఫోన్ చేస్తే గంటకు తక్కువ కాదు. ఆయన మీద గౌరవం ఉంది, ఆఫీసులో పనీ ఉంది. మర్యాదగా ముగించడం ఎలా? (హైదరాబాద్)

ముందు మీరు ఏం అంటున్నారో గమనించండి. మాట పొడుగయ్యేది చాలాసార్లు వినేవాడి వల్లే. మన కథలు చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు కావాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఫోన్లో మీరు ‘ఊఁ’, ‘అవునా!’, ‘అలాగా!’ అన్నంతసేపూ ఆయనకు కథ నడపమని చెబుతున్నట్టే. వీటిలో ‘అవునా!’ చాలా ఖరీదైనది, ఒక్కోదానికి పది నిమిషాలు పోతాయి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ‘ఇంకేంటి పెదనాన్నా?’ అనడం. మీ ఉద్దేశం ముగిద్దామని. ఆయనకు వినిపించేది ఇంకో కొత్త విషయం ఎత్తుకోమని.

రెండో పొరపాటు సాకు. ‘తలనొప్పిగా ఉంది’ అన్నారా, శొంఠి గంధం దగ్గర మొదలై, కంటి డాక్టరు దాకా వెళ్ళి, మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో తేలేదాకా ఫోన్ వదలరు. ‘సిగ్నల్ లేదు’ అంటే అదే విషయం మొదటి నుంచి మళ్ళీ చెబుతారు. ఒక్కమాటుగా ‘పని ఉంది’ అంటే నొచ్చుకుంటారు.

చేయాల్సింది ఇది. సంభాషణ మొదట్లోనే, రెండో వాక్యంలోనే, హద్దు చెప్పండి: ‘పెదనాన్నా, పావు గంటలో మీటింగ్ ఉంది, ఈలోగా చెప్పండి.’ ఇదే మాట గంట తర్వాత చెబితే తప్పించుకుంటున్నట్టుంటుంది, ముందే చెబితే ఆయనకు సమయం కేటాయించినట్టుంటుంది. అబద్ధం మీటింగ్ చెప్పొద్దు, ఎప్పుడో ఒకసారి పెద్దమ్మ దగ్గర దొరికిపోతారు. పది నిమిషాలకు ఊఁ కొట్టడం తగ్గించండి. కాసేపటికి ఆయనే ‘వింటున్నావా?’ అంటారు. ఆ ఖాళీయే మీకు దొరికే చోటు. ‘వింటున్నా పెదనాన్నా. ఆదివారం పొద్దున్న టిఫిన్ అయ్యాక నేనే చేస్తాను, ఆ పొలం సంగతి పూర్తిగా మాట్లాడదాం. ఉంటాను మరి.’ ఇందులో మూడు ముక్కలు తప్పనిసరి. రోజు, వేళ చెప్పాలి. ‘మళ్ళీ చేస్తా’ అని గాలికి వదిలితే ఆయన నమ్మరు. ఆయన చెబుతున్న విషయం పేరెత్తాలి, విన్నారని తెలుస్తుంది. చివర ‘మరి’ ఉండాలి. వట్టి ‘ఉంటాను’ కొంచెం తెగ్గొట్టినట్టుంటుంది, ‘ఉంటాను మరి’ సెలవు అడిగినట్టుంటుంది. ఆదివారం నిజంగా చేయండి. చేయకపోతే సోమవారం ఆయన చేసే ఫోన్‌కు ఈ పద్ధతులేవీ పనిచేయవు.

ఇంటికి వెళ్ళినప్పుడు ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అంటారని మీకు చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర మాత్రం జాగ్రత్త. లోపల అయిపోయిన మాటలన్నీ గుమ్మం దగ్గర, ఆ తర్వాత గేటు దగ్గర మళ్ళీ పుడతాయి. చెప్పులు వేసుకున్నాకే ‘వెళ్ళొస్తాను’ అనండి, అన్నాక చెప్పుల కోసం వెతుక్కోకండి.

మా అమ్మాయి ఎదురు ప్రశ్న వేస్తే అత్తగారు ‘అధిక ప్రసంగం’ అంటారు. ఆ పిల్ల మాట్లాడేదే తక్కువ. (నెల్లూరు)

అత్తగారు మాటను సరిగ్గానే వాడారు. అధిక ప్రసంగానికి మాటల లెక్కతో పనిలేదు. తన వయసుకూ స్థానానికీ మించిన మాట అని అర్థం, అది ఒక్క మాటైనా సరే. నోటి దూల కూడా ఇలాంటిదే. దూలగొండి కాయ మీది నూగు తగిలితే గోక్కోకుండా ఉండలేనట్టు, అనకూడదని తెలిసీ అనకుండా ఉండలేకపోవడం. పిల్ల అడిగింది సరైన ప్రశ్నేనా అన్నది వేరే సంగతి. దానికి నిఘంటువు చాలదు.

పెళ్ళి ప్రకటనలో మా అబ్బాయి గురించి ‘మితభాషి’ అని వేయొచ్చా? నిజానికి వాడు అసలు మాట్లాడడు. (అనకాపల్లి)

మితభాషి మెచ్చుకోలు. కావలసినంత మాట్లాడేవాడని. అసలు మాట్లాడనివాడికి మన దగ్గరున్న మాటలు ప్రకటనకు పనికొచ్చేవి కావు: ముంగి, ఉలకడు పలకడు, బెల్లం కొట్టిన రాయి. ఎంత బెల్లం పగలగొట్టినా రాయిలో చలనం ఉండదు, మీరెంత తియ్యగా పలకరించినా అతనూ అంతే. ‘నోట్లో నాలుక లేనివాడు’ అని కూడా వేయొద్దు. ఎదురు చెప్పలేని మెతకవాడు అని అర్థం వస్తుంది, ఆ చదివే అత్తింటివాళ్ళు సంతోషించి వస్తారు. ‘తలలో నాలుక’ అయితే మంచిదే గానీ అది అందరికీ చేదోడుగా మెలిగేవాడు, మీవాడు కాకపోవచ్చు. ప్రకటనలో చదువు, ఉద్యోగం, ఎత్తు వేసి ఊరుకోండి. పెళ్ళిచూపుల్లో ఇద్దరినీ ఒక అరగంట విడిగా కూర్చోబెట్టండి, అమ్మాయికే తెలుస్తుంది.